సగం ఎక్స్‌రేలు

మెట్టుగూడలోని ఎక్స్‌రే సెంటర్ కోసం నేను రాసిన షెల్ స్క్రిప్ట్ అనే చిన్న ప్రోగ్రామ్‌కు ఒకటే పని. ఐదు నిమిషాలకోసారి లేచి, కొత్తగా స్కాన్ చేసిన ఫిలిం ఫైలు ఉంటే తిరుమలగిరిలోని డాక్టరు కంప్యూటర్‌కు పంపాలి. వారంలో రెండు మూడుసార్లు సగం ఛాతీయే చేరేది. పైన భుజాలు, పక్కటెముకలు. కింద మబ్బు పట్టినట్టు ఒట్టి బూడిద రంగు.

స్క్రిప్ట్ తను చేసిన పని రాసుకునే లాగ్‌లో మాత్రం ప్రతి ఫైలు పక్కనా ‘సక్సెస్’ అనే ఉండేది. అయితే తప్పు మనిషిదే అనుకున్నాను. స్కాన్ చేసే అక్కకు ఫోన్ చేసి అరిచాను. సెంటర్ నడిపే సార్‌కూ అదే చెప్పాను. శనివారం నుంచి ఆమెను రావద్దంటానన్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం, రుజువు కోసం ఆమె పక్కన కుర్చీ వేసుకున్నాను.

“ఫోన్ల ఒర్లుడు అయిపోయిందా తమ్మీ, ఇంక సుత ఉన్నదా?” తల తిప్పకుండానే అడిగింది.

“నువ్వు మధ్యల ఆపుతున్నవ్ అక్కా, గంతే.”

“నేనేం ఆపుత? బటన్ నొక్కి చేతులు ఒళ్లె పెట్టుకుంట. జెర చూడు మరి.”

పాత స్కానర్ మెల్లగా గురగురలాడింది. ఫ్యాన్ గాలికి ఫిలిం కవర్లు ఊగుతున్నాయి. తెర మీద మెడ, భుజాలు, ఒక్కో పక్కటెముకా చీకట్లోంచి తేలి వస్తుంటే నిద్రలో చూస్తున్నట్టుంది. వీడియో తీద్దామని చేతిలో పట్టుకున్న ఫోన్ సంగతే మరిచాను. ఫైలు సైజు పెరుగుతూనే ఉంది.

రెండుంబావు అయింది. స్క్రిప్ట్ లేచి, గుండె దాకా మాత్రమే వచ్చిన ఫైలును పట్టుకెళ్లింది. లాగ్‌లో ‘సక్సెస్’ పడింది. స్కానర్ ఇంకా తిరుగుతూనే ఉంది.

ఫైలు పూర్తయిందో లేదో చూడమని నేను దానికి చెప్పనేలేదు. ఒకసారి పంపిన ఫైలును అది మళ్లీ ముట్టుకోదు. స్కానింగ్ మధ్యలో ఆ ఐదో నిమిషం పడినప్పుడే సగం వెళ్లేది.

“తప్పు నాదే అక్కా.”

“నాకు చెప్తే ఏమొస్తది? సార్‌కు చెప్పు.”

“స్క్రిప్ట్ బాగు చేసి చెప్తా.”

“నా మీద చెప్పేటప్పుడు ఏం బాగు చేసి చెప్పినవ్?”

ఫోన్ చేశాను. స్పీకర్ పెట్టమని ఆమె సైగ చేసింది. నేను చెప్పిందంతా సార్ విన్నాడు.

“ఉత్తగనే ఆమెను పరేషాన్ చేస్తివి గదయ్యా. రేపు ఎప్పటిలెక్కనే రమ్మను.”

“విన్న సార్,” అంది అక్క, ఇంకో ఫిలిం స్కానర్‌లో పెడుతూ.

నేను స్క్రిప్ట్ ఆపేసి, పూర్తయ్యాక ఫైలును చేత్తో పంపుదామని, సైజు పెరగడం ఎప్పుడు ఆగుతుందా అని చూస్తూ కూర్చున్నాను.