వెంకటప్పయ్య కారు ఎడమ వెనక చక్రం

కొత్త రెక్సిన్ సీట్లు ఖరాబవుతాయని వెంకటప్పయ్య తన కారు గాలి తనే తీసేసి, కాన్పు నొప్పులు పడుతున్న తండా పిల్లను అడవి రోడ్డు మీద దింపేశాడట! మణుగూరు సంతలో ఇప్పటికీ ఈ మాట అనేవాళ్ళున్నారు. ఆ రోజు కార్లో వాళ్ళెవరూ లేరు, నేనున్నాను. సంగతి ఈమధ్యే తెలుసుకున్న అతని భార్య సుబ్బరత్నం కూడా "ఉన్నదున్నట్టు రాయి పెద్దమ్మా" అంది కాబట్టి రాస్తున్నాను.

వెంకటప్పయ్యది వేంసూరు వైపు. పొలం తమ్ముడికి వదిలేసి, ఎనభై ఆరులో పాత అంబాసిడర్ కొని కిరాయికి తిప్పేవాడు. మా ఊరికీ పక్క తండాకూ అదొక్కటే కారు. మనిషి మంచివాడే గానీ, అడిగినదానికి సూటిగా జవాబు చెప్పడం మాత్రం పుట్టాక నేర్చుకోలేదు.

ఆ ఏడు ఎడమ వెనక చక్రంలో గాలి నిలవడం మానేసింది. పొద్దున కొడితే సాయంత్రానికి సగం. పంక్చర్ షాపులో ట్యూబు విప్పి నీళ్ళతొట్టిలో ముంచితే ఒక్క బుడగా రాదు. "కొత్త పెళ్ళికొడుకు లెక్కుంది ట్యూబు, తీస్కపో" అని పంపేవాడు షాపువాడు. నాలుగు రోజులు బాగుండేది. మళ్ళీ మొదలు.

"ఏంది అప్పయ్యా, ఇయ్యాల గూడ గాలి లేదా?"

"గాలే గద పెద్దమ్మా, కొడితే వస్తది."

"పోకుండ చేస్కోరాదయ్యా!"

నవ్వి పంపు అందుకునేవాడు. నాకు ఒళ్ళు మండేది.

ఒక శుక్రవారం పొద్దెక్కాక తండా నుంచి సోమ్లా పరుగెత్తుకొచ్చాడు. కోడలు చాందికి రాత్రి నుంచి నొప్పులు, తొలి కాన్పు, భద్రాచలం దవాఖానాకు తీసుకుపోవాలి. వెంకటప్పయ్య అన్నం ముందు నుంచి లేచొచ్చాడు. తోడుగా నేనూ ఎక్కి, చాంది తల నా ఒళ్ళో పెట్టుకుని వెనక కూర్చున్నాను. సోమ్లా ముందు కూర్చున్నాడు.

మూడు మైళ్ళు పోలేదు, కారు ఎడమకు ఒరిగింది.

"స్టెప్నీ ఏదయ్యా?" అన్నాను.

"ముందు చక్రానికి ఉన్నది అదే పెద్దమ్మా."

దిగి గాలి కొట్టాడు. ఇంకో రెండు మైళ్ళకు మళ్ళీ అంతే. మూడోసారి ఆగినప్పుడు చక్రం దగ్గర కూర్చుని, వాల్వు బెజ్జంలో అగ్గిపుల్లతో పొడిచాడు. మిగిలిన గాలి కూడా బుస్సున పోయింది. అది సోమ్లా కంట పడింది.

"గాలి కొట్టేటోనివా, తీసేటోనివా? సీట్లు ఖరాబైతయనే గద!"

వెంకటప్పయ్య చెమటలు కక్కుతూ పంపు కొడుతూనే ఉన్నాడు. "ఊపిరాడ్తలేదు, దింపు అవ్వా" అని చాందే అడిగింది. దింపాను. చక్రం నిండేలోపు, టేకు చెట్ల నీడలో నా చేతుల్లో ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమమే. సోమ్లా మాత్రం మళ్ళీ ఆ కారెక్కలేదు. తండాలో ఇంకెవర్నీ ఎక్కనివ్వలేదు. వారానికి నాలుగు రోజులు కారు ఇంటి ముందే నిలబడేది.

ఆ అగ్గిపుల్ల చివర పచ్చగా ఏదో అంటుకోవడం నేను చూశాను. చూశాక ఊరుకోగలనా? తర్వాతి శుక్రవారం వాళ్ళింటి ముందు నిలబడ్డాను. సుబ్బరత్నం తలస్నానం చేసి నాలుగు చక్రాలకూ పసుపు కుంకుమ పెడుతోంది. మూడు వాల్వులకు మూతలున్నాయి. ఎడమ వెనకదాని మూత ఎప్పుడో ఊడిపోయింది. ఆ బెజ్జంలో తడి పసుపు వేలితో కూరి, పైన బొట్టు పెట్టింది.

"ఏందే అది?"

"నోరు తెర్సుకోని ఉంటే లోపలికి దుమ్ము పోదా పెద్దమ్మా? అందుకే మూస్తున్న."

నెత్తి కొట్టుకున్నాను. పంపు కొట్టినప్పుడల్లా ఆ పసుపు లోపలి పిన్నుకు అడ్డంపడి సరిగా మూసుకోనివ్వడం లేదు. షాపువాడు పిన్ను విప్పగానే గాలితోపాటు పసుపూ ఎగిరిపోతుంది. ఇక తొట్టిలో బుడగ ఎక్కడొస్తుంది!

వెంకటప్పయ్యను చెయ్యి పట్టుకుని గోడ చాటుకు లాగాను.

"ఎరుకేనా నీకు?"

జేబులోంచి కొత్త మూత తీసి చూపించాడు. ఆమె లోపలికి వెళ్ళాక పసుపు తీసేసి బిగిద్దామని ఎదురు చూస్తున్నాడు.

"మరి సోమ్లాకు చెప్పవేందయ్యా? తండా తండా నిన్ను తిడ్తాంది. ఈ ఒక్కదానికన్న సూటిగ చెప్పు!"

"నన్నైతే నాలుగు దినాలు తిట్టి ఊకుంటరు. చాంది రోడ్డు మీద కన్నది తన పసుపు వల్లనే అని తెలిస్తే, సుబ్బరత్నం మళ్ళ ఏ శుభానికన్న పసుపు ముడ్తదా? నీ కాళ్ళు మొక్కుత పెద్దమ్మా, నువ్వు జర నోరు మూస్కో."