జులై నుంచి ఆఫీసు గది

నేను చెప్పబోయేది పన్ను ఎగ్గొట్టిన కథ అయితే బాగుండేది. అది కాదు కనకే ఇన్నేళ్లు మోశాను. ఆ ఏడాది నా ఆదాయపు పన్ను లెక్కలో ఒక్క అబద్ధం లేదు. ఎవరు తనిఖీ చేసినా తప్పు దొరకదు. ఆ లెక్క నిజం కావడం కోసం ఒక మనిషిని అతని చోటు నుంచి కదిపాను. ఈ సంగతి నాతోపాటు తెలిసినది నా భార్యకే. ఆమె పోయి ఏడాది దాటింది. మేమిద్దరం దీని గురించి ఎన్నడూ మాట్లాడుకోలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ఎనభైల నడుమ మేము గాజువాకలో అద్దెకుండేవాళ్లం. ఓడల్లో వచ్చిన సరుకు తడిసినా పగిలినా వెళ్లి చూసి, నష్టం ఎంతో బీమా వాళ్లకు రిపోర్టు రాయడం నా పని. ఒక సంస్థలో చాలాకాలం చేసి, ఆ మార్చితో మానేసి సొంతంగా మొదలుపెట్టాను. ఈ పనిలో మనిషికి ఉండే ఆస్తి ఒక్కటే. ఉన్నది ఉన్నట్టు రాస్తాడన్న పేరు. నాకు ఆ పేరుంది. దాని మీద గర్వం కూడా ఉండేది.

ఇంటికి వీధి గది, మధ్య గది, వంటిల్లు, వెనక రేకుల వసారా. వీధి గదిలో మా బావ ఉండేవాడు. మా అప్ప, అంటే పెద్దక్క భర్త. ఉక్కు కర్మాగారానికి భూములు తీసుకున్నప్పుడు వాళ్ల ఊరూ, అతని చెరుకు చేనూ అందులో పోయాయి. తర్వాత అప్ప పోయింది. పిల్లల్లేరు. ఆయాసం ముదిరాక నేనే తీసుకొచ్చాను. అతని మంచం దక్షిణపు కిటికీ కింద వేశాం. నా బల్ల అదే గదిలో ఓ మూల.

ఆ కిటికీలోంచి దూరంగా కర్మాగారం కనిపించేది. ఆ వేసవిలో ఒక చిమ్నీ లేస్తోంది. పనివాళ్లు ఆపకుండా కాంక్రీటు పోస్తూ పోతే అది పైరులా రోజూ ఇంత ఎదిగేది. బావ చేను పోయిన చోటది. చూస్తే కడుపు మండుతుందేమో, మంచం జరుపుదామా అని మొదట అనుకున్నాను. బావకి కోపం లేదు. పొద్దున్న లేవగానే చెయ్యి చాచి, బొటనవేలితో కొలత పట్టి, నిన్నటికీ ఇవాళ్టికీ తేడా చెప్పేవాడు. గుడిలో నిలబడ్డవాడి ముఖంలా ఉండేది అతని ముఖం. నేను అంతకు ముందూ ఆ తర్వాతా ఎన్నో పెద్ద ఓడలు చూశాను. దేన్నీ అలా చూడలేకపోయాను.

జూన్‌లో ఆడిటరు దగ్గరికి వెళ్లాను. ఇంట్లో ఒక గదిని వృత్తికే వాడితే దానికి తగిన అద్దె, కరెంటు ఖర్చు ఆదాయంలోంచి తీసేయవచ్చన్నాడు. ఇంటి వైశాల్యంలో ఆ గది ఎంతో, ఏడాదిలో ఎన్ని నెలలు వాడామో, ఆ మేరకే. మనిషి పడుకునే గదిని ఆఫీసు అనలేమన్నాడు. మళ్లీ తనే, ఏప్రిల్ నుంచీ వేసేద్దాం, ఎవరొచ్చి చూస్తారు అన్నాడు. నేను అబద్ధం రాయనన్నాను. అతను నా వైపు గౌరవంగా చూశాడు. ఆ చూపు నాకు నచ్చింది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో నిలబడి ఆలోచించాను. జూన్ ఆఖరుకి గది ఖాళీ అయితే జులై నుంచి మార్చి దాకా అది నిజంగానే ఆఫీసు. నిజంగానే. ఆ ఒక్క మాట నన్ను ఎంత దూరం తీసుకుపోయిందో ఇప్పుడు చూస్తే భయమేస్తుంది. కాగితం మీద తేదీ మార్చడం తప్పని తెలిసినవాడికి మంచం మార్చడం తప్పని ఎందుకు తోచలేదు? తోచలేదా, తోచనివ్వలేదా? ఆదా అయిన పన్ను ఎంతో చెప్పడానికి నాకు సిగ్గు. అంత చిన్నది.

మర్నాడు టేపు తెచ్చి గది కొలుస్తున్నాను. అవతలి కొస నిలవడం లేదు. బావ మంచం మీంచి చెయ్యి చాచి పట్టుకున్నాడు.

“ఏటి బావా, గది కొల్తన్నావు? అమ్మీడానికేటి?”

“అద్దె కొంప నేనెలా అమ్ముతాను బావా. పన్ను లెక్కకి. ఆఫీసు గది అయితే కొంత తగ్గుతుంది.”

“నానుంటే అవదేటి?”

“మనిషి పడుకుంటే ఒప్పుకోరట.”

అతను నవ్వాడు. నవ్వితే దగ్గు వచ్చింది. టేపు మాత్రం వదల్లేదు.

“మా సేను కొలిసినప్పుడు గూడా గొలుసు కొస నానే అట్టుకున్నాను. సర్వేయరు బాబు ఏటన్నాడో తెల్సా? నీ సెయ్యి కదల్దు, కొలత తప్పదన్నాడు. నువ్వూ నమ్మీ. మంచం ఎప్పుడు తియ్యాలి మరి?”

అతను అడిగాడు కాబట్టి నేను చెప్పాల్సిన అవసరం లేకపోయింది. తేదీ ఒక్కటే చెప్పాను.

జూన్ ఆఖరి రోజున నేనూ నా భార్యా మంచం పట్టుకుని వసారాలోకి మోశాం. మాకు బరువు కాకూడదని అతను గోడ పట్టుకుని ముందే నడిచి వెళ్లిపోయాడు. వసారాకు ఒక పక్క టార్పాలిన్ కట్టాను. ఎదురుగా పక్కింటి గోడ. వానాకాలం మొదలైంది. జల్లు దుప్పటి మీద పడేది.

సాయంత్రాలు పళ్లెం ఇవ్వడానికి వెళ్తే అతను ఒకటే అడిగేవాడు.

“ఎంత లెగిసింది బావా?”

“ఇంకొంచెం లేచింది” అనేవాడిని. నేను కిటికీ వైపు చూసేవాణ్ని కాదు. బల్ల మీద కాగితాలు, ఎదుట కూర్చున్న మనుషులు, కొత్త పని. చూడకుండా ఇచ్చిన రిపోర్టులు నా జన్మలో అవే. రోజూ ఇచ్చాను. రోజూ అతను కళ్లు మూసుకుని దాన్ని లోపల ఎక్కడో నిలబెట్టుకునేవాడు.

ఓసారి అన్నాడు. “ఇంకా లెగుస్తందేటి? ఆకాశం సరిపోదు కావాల. పొగొచ్చిన్నాడు నాకు సెప్పు.”

దీపావళి వెళ్లాక పోయాడు. వీధి గదిలోనే ఉంచితే బతికేవాడా? నాకు తెలియదు. ఊపిరితిత్తులు ఎప్పుడో పాడయ్యాయన్నాడు డాక్టరు. తెలిసినట్టు రాస్తే ఇది ఇంకో తప్పుడు రిపోర్టు అవుతుంది.

పన్నెండో రోజు అయ్యాక మళ్లీ ఆఫీసు తెరిచాను. పని మీద వచ్చిన ఒక లారీ యజమాని కిటికీ పక్కన కూర్చుని, ఆ చిమ్నీకి రంగు పట్టీలు బాగా వేశారే అన్నాడు. ఇంకా లేస్తోంది కదా అన్నాను. “లేదండీ. ఆగస్టులోనే పై అంచు దాకా అయిపోయింది కదా” అన్నాడు.

అప్పుడు చూశాను. చాలా నెలల తర్వాత మొదటిసారి. లేచి నిలబడ్డాను. మనుషులు కట్టినది అంత ఎత్తున, అంత నిశ్శబ్దంగా ఉండగలదా అనిపించింది. వెంటనే రెండో ఆలోచన వచ్చింది. ఇది ఆగాక కూడా వసారాలో ఒకటి లేస్తూనే ఉంది. నేను లేపిందే. ఆకాశం చాలని ఎత్తుకి. దాని ముందు ఈ కిటికీలోది ఎంత? అతనికి నా అబద్ధం తెలుసా? బొటనవేలితో కొలిచిన మనిషికి తెలియకుండా ఉంటుందా? తెలిసే ఆ పొగ మాట అన్నాడా? ఎన్నిసార్లు నన్ను నేనే అడిగానో.

మార్చిలో లెక్క వేశాను. గది వైశాల్యం తప్పలేదు, అతని చెయ్యి కదల్లేదు కనక. నెలలూ సరిపోయాయి. ఆ పై ఏడాది నుంచి లెక్క ఇంకా సులువైంది. పన్నెండు నెలలూ ఆఫీసే.

తర్వాత కొన్నేళ్లకు ఒక ఉదయం ఆ చిమ్నీలోంచి పొగ వచ్చింది. మొదట సన్నగా, ఆ తర్వాత సముద్రం వైపు వంగి. నేను కలం పెట్టి, అలవాటు లేకపోయినా, వసారాలోకి నడిచాను. అక్కడ పాత కాగితాల కట్టలు, పక్కింటి గోడ. ఓ కట్ట సర్ది వెనక్కి తిరిగాను. వంటింట్లోంచి నా భార్య చూసింది.

పొగ వచ్చింది. చెప్పమన్న మనిషికి చెప్పలేదు. ఇన్నాళ్లకు మీకు చెప్పాను. దీనితో ఏదీ చెల్లిపోదని తెలుసు. చెప్పడమైతే అయింది.