అమ్మ పేరు మీద చిన్నమ్మ ఫోటో

మా ఇంట్లో ఒకరి పేరు మీద ఇంకొకరు పని చేయడం వింత కాదు. చండూరు దగ్గర మాది చేనేత ఊరు. మగవాళ్లు మగ్గం గుంటలో కూర్చుంటే ఆడవాళ్లు దారం కండెలు చుట్టేవారు, ఆసు పోసేవారు. ఆసు అంటే సగం వృత్తంలా కొట్టిన మేకుల చుట్టూ నూలుదారాన్ని చేత్తో తిప్పడం. ఒక చీరకు పూటలకు పూటలు చెయ్యి చాస్తూ ముడుస్తూ ఉండాలి. సాయంత్రానికి జబ్బ పట్టేసేది. అమ్మ జబ్బ లేవకపోతే చిన్నమ్మ కూర్చునేది, చిన్నమ్మది లేవకపోతే అమ్మ. నూలు ఇచ్చే సేటు దగ్గర ఎవరి పేరు ఉంటే కూలి వాళ్లకే. ఆ పని చేసిన చెయ్యి ఎవరిదని ఆయన ఎప్పుడూ అడగలేదు. దారం తెగకుండా వస్తే ఆయనకు చాలు.

చిన్నమ్మ మా నాయిన తమ్ముడి భార్య. చిన్నాయిన పెళ్లయిన కొన్నేళ్లకే పోయాడు. పిల్లలు లేరు. తర్వాత నాయిన కూడా పోయాడు. మగ్గం ఆగిపోయింది, ఆసు మాత్రం ఆగలేదు. తోడికోడళ్లిద్దరూ ఒకే పొయ్యి మీద వండుకుని, ఊళ్లోని మిగతా మగ్గాలకు ఆసు పోసి బతికారు. నేను నల్లగొండలో గ్రంథాలయంలో పనిచేస్తూ సెలవు దొరికినప్పుడల్లా ఇంటికి వచ్చేదాన్ని.

తెలంగాణ రాష్ట్రం వచ్చిన కొన్నేళ్లకు హైదరాబాదులోని ఒక పెద్ద దవాఖాన నుంచి మా ఊరికి ఒక బండి వచ్చింది. లోపల ఛాతీ ఎక్స్‌రే తీసే చిన్న మిషను ఉంది. నేతపనిలో దూది నుసి పీల్చేవాళ్ల ఊపిరితిత్తుల మీద వాళ్లు పరిశోధన చేస్తున్నారు. ఊళ్లోకి తేగలిగిన ఈ చిన్న మిషను, పట్నంలోని పెద్ద సీటీ స్కాన్ మిషను చూసినంతగా చూడగలదా అన్నది వాళ్ల ప్రశ్న. చూడగలిగితే రేపు ఇలాంటి ఊళ్లకు బండ్లు పంపవచ్చు. అందుకని ఒకే మనిషికి మొదట బండిలో, కొన్నాళ్లకు నల్లగొండలో, రెండుసార్లు ఫోటో తీయాలి. ఒక ఫోటో ఒక డాక్టరు చూస్తారు, రెండోది ఇంకో డాక్టరు. ఒకరేమన్నారో ఇంకొకరికి తెలియనివ్వరు. చివరికి మూడో డాక్టరు రెండూ పక్కపక్కన పెట్టి పోలుస్తారు.

ఇదంతా ఇంటింటికీ తిరిగి చెప్పింది పాలమూరు జిల్లా ఆత్మకూరు నుంచి వచ్చిన ఒక అమ్మాయి. అమ్మకు ఆ పిల్ల మీద మొదటి రోజే ఇష్టం కలిగింది.

"మీ పాలమూరోళ్లు బతుకుదెరువుకు బొంబాయి పోతరు గదా. నువ్వేంది, మా నల్లగొండకొచ్చినవు?"

"బొంబాయిల మీ అసొంటి పెద్దమ్మలు దొరకరని వచ్చిన."

"మాటలు మస్తు నేర్చినవు. గీ ఫోటో తీస్తే ఏమైతది?"

"ఏం గాదు పెద్దమ్మా. లోపల ఎట్లున్నదో కనపడతది, అంతే."

'అంతే' అన్న మాట అమ్మకు వినబడలేదనుకుంటాను. బండిలో ఫోటో దిగి వచ్చింది. పేరు, నంబరు రాసిన అట్టముక్క ఒకటి ఇచ్చారు. అది తీసుకుని చెప్పిన రోజు నల్లగొండకు రావాలి. చిన్నమ్మను వాళ్లు తీసుకోలేదు. ఒక ఇంటి నుంచి ఒక్కరే అన్నారు.

ఆ నెలలోనే చిన్నమ్మ కుడి జబ్బ నొప్పి ఎక్కువైంది. రాత్రి ఆ పక్కకు తిరిగి పడుకోలేకపోయేది. ఊళ్లో నొప్పి సూది వేయించుకుంది, వేపాకు కాపడం పెట్టుకుంది. నల్లగొండకు పోవలసిన రోజు పొద్దున అమ్మ తన అట్టముక్క ఆమె చేతిలో పెట్టింది. నాకేం నొప్పి లేదు, ఆ పెద్ద మిషను నీకే అక్కరకొస్తది, పో అంది. ఆత్మకూరు అమ్మాయికి ఆ రోజు జ్వరం. జీపు డ్రైవరు ఊళ్లోవాళ్లను ఎక్కించుకుని వెళ్లాడు. సీటీ దగ్గర పేరు అడిగితే చిన్నమ్మ అమ్మ పేరు చెప్పింది. ఇంటిపేరు ఇద్దరికీ ఒకటే. బల్ల మీద పడుకోమన్నారు, ఊపిరి బిగపట్టమన్నారు, వదలమన్నారు. సాయంత్రానికి ఇంటికి వచ్చింది.

ఈ సంగతి నాకు అప్పుడు తెలియదు. తెలిసిన రోజున నేను ఇంట్లోనే ఉన్నాను.

కొన్ని వారాల తర్వాత, ఒక ఆదివారం మధ్యాహ్నం ఆ అమ్మాయి, ఆమెతో ఒక డాక్టరమ్మ వచ్చారు. రెండు ఫోటోలను పక్కన పెట్టి పోల్చే మూడో డాక్టరు ఆమె. నడివయసు మనిషి, గొంతు మెల్లన. అమ్మ ఆసు దగ్గర కూర్చుని ఉంది. డాక్టరమ్మ కింద చాప మీదే కూర్చుంది.

"మీకు ఎప్పుడైనా ఇక్కడ ఎముక విరిగిందా?" అని తన మెడ కింద ఎముక మీద వేలు పెట్టి చూపించింది.

"విరిగింది. మగ్గం గుంటల పడ్డ. కట్టు కట్టిండ్రు, అతికింది."

డాక్టరమ్మ అమ్మ ఎముక తడిమి చూసింది. అతికిన చోట ఉసిరికాయంత ముడి ఉంటుంది. చిన్నప్పుడు నేను దాని మీద చెయ్యి పెట్టుకుని పడుకునేదాన్ని.

"బండిలో తీసిన ఫోటోలో ఈ ముడి ఉంది. నల్లగొండలో తీసినదాంట్లో లేదు. ఎముక మీది ముడి నెలరోజుల్లో మాయం కాదమ్మా. ఆ రోజు నల్లగొండ వచ్చింది మీరేనా?"

"నేనే" అంది అమ్మ.

ఆత్మకూరు అమ్మాయి తల వంచుకుంది. నేను అమ్మ వైపు చూశాను. అమ్మ దారం వైపు చూస్తోంది.

"మీ మీద మాకు కోపం లేదు" అంది డాక్టరమ్మ. "ఇది పోలీసు కేసు కాదు. నల్లగొండ ఫోటోలో ఊపిరితిత్తి పైన, కుడివైపు, ఒక మచ్చ ఉంది. అది మీది కాదు. ఎవరిదో ఆ మనిషి దొరకాలి. ఆలస్యం కాకూడదు."

"మచ్చంటే ఏం మచ్చ?"

"ఇంకో పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. ఏమీ కాకపోవచ్చు. చెడ్డది కూడా కావచ్చు."

అమ్మ ఇంకో రెండు మేకుల చుట్టూ దారం తిప్పింది.

"గట్లయితే మందు నా పేరు మీదనే రాయిండ్రి. నేను తీసుకపోయి ఆమెకిస్త."

"మందు కాదు పెద్దమ్మా, మనిషి రావాలె" అంది ఆ అమ్మాయి. నవ్వబోయి ఆపుకుంది. "మచ్చను నువ్వు మోసుకరాలేవు గదా."

వంటింటి గడప దగ్గర చిన్నమ్మ చాయ్ గ్లాసులతో నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో చూడలేదు. గ్లాసులు కింద పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంది.

"నేనే పోయిన. అక్కనేమనకుండ్రి. జబ్బ నొస్తుందంటే పంపింది."

"ఇప్పుడు నొప్పి ఎట్లా ఉంది?"

"తగ్గింది. ఆ మిషన్ల పండుకున్నంక తగ్గింది. మంచి మిషను. ఇగ నాకేం పరీక్ష అక్కర్లేదు."

"ఆ మిషన్ నొప్పి తగ్గించదమ్మా. లోపల ఎలా ఉందో చూస్తుంది, అంతే."

చిన్నమ్మ నమ్మలేదు. "ఉత్త సూసుడుకేనా? గంత పెద్ద మిషను, గంత సప్పుడు, ఉత్త సూసుడుకేనా?"

"ఉత్త చూడటానికే."

"మరి నాకెట్ల తగ్గింది?"

డాక్టరమ్మ సీసాలో నుంచి నీళ్లు తాగింది. చిన్నమ్మ గెలిచినట్టు నా వైపు చూసింది. ఇక హైదరాబాదు రానని, కోసుడు గీసుడు తనకు వద్దని, మంచిగున్న మనిషిని దవాఖానకు తీసుకపోతే రోగం వెంటబెట్టుకుని వస్తుందని చెప్పింది. నేను బతిమాలాను. చదువుకున్నదాన్ని కాబట్టి ఏవో చెప్పాను. ఏదీ పని చేయలేదు. ఆమెను ఒప్పించలేకపోతే ఆ మచ్చ అక్కడే పెరుగుతుందని నాకు అర్థమవుతోంది. ఆమెకు మాత్రం నొప్పి తగ్గడమే కనిపిస్తోంది.

అమ్మ ఆసు మీద నుంచి చెయ్యి తీసింది.

"మిషను తగ్గియ్యలేదే చెల్లె. నువ్వు నల్లగొండ పోయొచ్చినప్పటి సంది నీ ఆసు ఎవరు పోస్తుండ్రు? నేనే గదా. చెయ్యికి పని లేకుంటే నొప్పి తగ్గదా?"

"మరి మిషనుతోనే తగ్గిందంటే, అవునంటివి గదా?"

"సంబరపడుతుంటివి. ఎందుకు చెడగొట్టాలనుకున్న."

చిన్నమ్మ చాయ్ చల్లారిందని, వేడి చేసి తెస్తానని గ్లాసులు తీసుకుని లోపలికి పోయింది. వేడి చేసి తెచ్చింది. డాక్టరమ్మకు ఇస్తూ, "ఎన్నడు రమ్మంటరు?" అని అడిగింది.

డాక్టరమ్మ ఆ సాయంత్రం పోతూ మా వాకిట్లో నాతో కొంచెంసేపు మాట్లాడింది. ఈ రెండు ఫోటోలూ ఇక పరిశోధన లెక్కలోకి రావు. అనుమతి ఇవ్వని మనిషికి స్కాన్ ఎలా జరిగిందో పైవాళ్లకు ఆమె సంజాయిషీ రాసుకోవాలి. పేరు తప్ప ఇంకేమీ సరిచూడకుండా పంపింది తమ వాళ్లే కదా అంది. మా ఇంటివాళ్లను ఒక్క మాట అనలేదు. రెండు ఫోటోలు చూసిన డాక్టర్లిద్దరూ తప్పు చేయలేదని, ఇద్దరూ ఉన్నదే రాశారని కూడా చెప్పింది. ఎవరిని చూస్తున్నారో మాత్రం వాళ్లకు తెలియదు. తెలియకూడదన్నదే ఆ పని పద్ధతి.

అమ్మను మళ్లీ పిలిచి సీటీ తీశారు. వయసుకు తగ్గ ఊపిరితిత్తులన్నారు. చిన్నమ్మకు హైదరాబాదులో సూదితో ముక్క తీసి చూశారు. చెడ్డదే. ఇంకా పాకలేదు. ముందు రేడియేషన్ కరెంటు పెట్టారు, తర్వాత కోశారు. ఆ నెలలన్నీ అమ్మ వార్డు బయట చాప పరుచుకుని ఉంది. నర్సులు పేషెంటు పేరు చెప్పమంటే, చిన్నమ్మ పేరును బడిపిల్లలా గట్టిగా, స్పష్టంగా చెప్పేది. ఇంటిపేరుతో సహా చెప్పేది.

ఆ తర్వాత చిన్నమ్మ బతికిన కాలం చిన్నదేమీ కాదు. కుడి చెయ్యి పూర్తిగా లేచేది కాదు, ఆసు మానేసింది. కరోనా రోజుల్లో ఊరంతా భయపడితే, నా ఒంట్ల ఉన్నదే సగం ఊపిరితిత్తి, అదేం తింటది అని నవ్వేది. వంట చేసేది. నేను తెచ్చిన పుస్తకాలు చదివించుకునేది. కథలో ఎవరైనా ఏడిస్తే, ఇంతసేపు ఏడుస్తరా ఎవరన్నా అని విసుక్కునేది. ఆమె దగ్గర కూర్చుని చదివాక నాకు కూడా కొన్ని పుస్తకాలు నచ్చడం మానేశాయి.

ఏడాదికోసారి స్కానుకు పోయేవాళ్లం. కిందటి ఎండాకాలం పోయినప్పుడు, చూసే గదిలో ఆ డాక్టరమ్మే ఉంది. తెర మీద పాత బొమ్మ, కొత్త బొమ్మ పక్కపక్కన ఉన్నాయి. ఆమె లేచి నాకు సైగ చేసి బయటికి రమ్మంది. చిన్నమ్మ కుర్చీలో నుంచి కదల్లేదు.

"ఆమెతోని ఏం మాట్లాడుతవు బిడ్డా? నాతోని చెప్పు. ఆ బొమ్మ నాదే గదా."

డాక్టరమ్మ మళ్లీ కూర్చుంది. తెరను చిన్నమ్మ వైపు తిప్పి, వేలితో చూపించింది. ఇది ఊపిరితిత్తి, ఈ మచ్చ పోయినసారి లేదు, ఇది కూడా లేదు. చిన్నమ్మ దగ్గరికి వంగి చూసింది. అంతకాలం తిరిగినా లోపలి బొమ్మ ఆమె చూడటం అదే మొదటిసారి.

"ఇంకోపాలి కోస్తే పోతదా?"

"పోదమ్మా."

"మందులు?"

"కొంత కాలం ఆపొచ్చు. ఒంట్లో సత్తువ లాగేస్తాయి."

"వద్దుతియ్యి" అంది చిన్నమ్మ. లేచి, డాక్టరమ్మ తల మీద చెయ్యి పెట్టి, ఇంకేమీ అనకుండా బయటికి నడిచింది.

ఇంటికి వచ్చేసరికి అమ్మ అరుగు మీద కూర్చుని ఎదురుచూస్తోంది. అమ్మకు ఎలా చెప్పాలా అని దారంతా నేను మాటలు వెతుక్కున్నాను. చిన్నమ్మ నాకు ఆ పని పడనివ్వలేదు. చెప్పులు విడిచి అమ్మ పక్కన కూర్చుని, మళ్లీ వచ్చిందక్కా, ఈసారి పోదంట అని చెప్పేసింది.

అమ్మ ఇన్నేళ్లలో ఎన్నడూ అడగనిది అడిగింది.

"ఆ దినం నీ బదులు నేనే పోయి ఉంటే మంచిగుండునా? నీకు ఇన్ని కోతలు, ఇన్ని తిప్పలు లేకుండునేమో."

"నువ్వు పోతే నీ ఉత్త ఊపిరితిత్తులు సూసి వాళ్లేం జేస్తుండిరి? అటు నీకు లాభం లేదు, ఇటు నాకు లేదు" అంది చిన్నమ్మ. "తిన్నవా? తినకుంటే లే. పొద్దుగూకింది."

ఇద్దరూ లోపలికి పోయారు. వానాకాలం సగంలో చిన్నమ్మ పోయింది. ఎక్కువ నొప్పి పడలేదు. అమ్మ ఇప్పుడు ఒక్కతే తింటోంది. నేను వెళ్లినప్పుడు కంచం దగ్గర కూర్చుంటే, వాళ్లిద్దరూ మాట్లాడుకునే చోట నేనేం మాట్లాడాలో నాకింకా తెలియడం లేదు.