రేపల్లె కోర్టులో సైగల సాక్ష్యం

బాపట్లలో బధిరుల పాఠశాలలో ముప్పయ్యేళ్లు చదువు చెప్పి, రిటైరయ్యాక తెనాలిలో ఉంటున్నాను. నిరుడు ఒక కానిస్టేబుల్ మా ఇంటికి కోర్టు కాగితం తెచ్చాడు. రేపల్లె కోర్టులో ఒక సాక్షికి వినపడదు, మాట రాదు. ఆమె సైగలను నేను తెలుగులో చెప్పాలి. పేరు చూస్తే నా పాత విద్యార్థిని. బట్టలు కుట్టుకుని బతుకుతోంది. బస్టాండులో ఎవడో ఆమె మెళ్లో గొలుసు తెంపుకుపోయాడు.

వాయిదా రోజు పొద్దున రైలెక్కాను. జరిగిందంతా ముందుగా ఆమెను అడిగి తెలుసుకోవాలేమోనని వేమూరు దాటేదాకా ఆలోచిస్తూనే ఉన్నాను. కోర్టు వరండాలో ప్రభుత్వ లాయరును అదే అడిగాను.

"వద్దమ్మా. కేసు గురించి ఆవిడతో ఒక్క ముక్క కూడా మాట్లాడకండి. లోపల ఆవిడేం చెప్తే అది చెప్పండి, చాలు."

ఆమె నన్ను చూడగానే పరుగెత్తుకొచ్చింది. పిల్లల సంగతి, కొత్త మిషను సంగతి చెప్పింది. దొంగ మాట ఎత్తబోతే నేను తల అడ్డంగా ఊపి ఆపేశాను. చిన్నబుచ్చుకుంది.

లోపలికి వెళ్లగానే ముద్దాయి లాయరు లేచాడు.

"ఈవిడ సాక్షికి చదువు చెప్పిన టీచరండి. నేర్పించి తీసుకొచ్చుంటారు."

"ప్రమాణం చేయిస్తున్నాం కదండీ. అంతా వీడియో కూడా తీస్తున్నాం," అన్నారు జడ్జిగారు.

మొదట నాతో, తర్వాత ఆమెతో ప్రమాణం చేయించారు. బోనులో నిలబడి ఆమె ఒకటే అడిగింది: "నేను నోటితో చెప్పలేను కదా, ఇది లెక్కలోకి వస్తుందా?"

జడ్జిగారు నవ్వారు. "కోర్టులో అందరి ముందూ చేసిన సైగ, నోటితో చెప్పిన సాక్ష్యంతో సమానమేనమ్మా."

నేను అది సైగల్లో చెప్పగానే ఆమె నిటారుగా నిలబడింది. బస్సు కోసం నిలబడటం, వాడు ఎదురుగా రావడం, మెడ దగ్గర మంట, వాడి సగం తెగిన కనుబొమ్మ, అన్నీ చేతులతో చెప్పి ముద్దాయిని చూపించింది.

ముద్దాయి లాయరు చొక్కా రంగు అడిగాడు. ఆమె నీలం అంది.

"పోలీసులకు ఆకుపచ్చ అని చెప్పారే!"

బడిలో అయితే మళ్లీ ఆలోచించుకోమనేదాన్ని. ఇక్కడ ప్రమాణం చేశాను. లాయరు మాట ఉన్నదున్నట్టు ఆమెకు చెప్పాను. ఆమె చేతులతో బదులిచ్చింది.

"చొక్కా రంగు మర్చిపోయి ఉంటానండి. మొహం మాత్రం మర్చిపోలేదు," అని పైకి చెప్పాను. జడ్జిగారు అలాగే రాయించారు.

బయటికొచ్చాక ఇద్దరం స్టేషను దగ్గర ఇడ్లీ తిన్నాం. రంగు తప్పు చెప్పానా అని రెండుసార్లు అడిగింది. నాకూ తెలియదన్నాను. ఈసారి చిన్నబుచ్చుకోలేదు.

రెండు నెలలకు వాడికి శిక్ష పడింది. ఆమె మొహం గుర్తుపట్టడం, వాడి దగ్గర గొలుసు దొరకడం సరిపోయాయని ప్రభుత్వ లాయరు ఫోన్ చేసి చెప్పాడు. ఆ సాయంత్రమే ఆమె వీడియో కాల్ చేసి, గొలుసు చూపించి, చేతులు నొప్పి పుట్టేదాకా కబుర్లు చెప్పింది.

మొన్న బాపట్ల కోర్టు నుంచి కూడా పిలుపొచ్చింది. వస్తానని చెప్పాను.