ఎత్తి ఉంచిన అడ్డుకర్ర

మా ఊళ్ళో దానిలా అనే ఆవిడ ఆ రోజు ఇటలీ వైపు వెళ్ళిందా, స్లొవేనియాలోకే వెళ్ళిందా? ఇన్నేళ్ళయినా నాకు తేలలేదు. మా పంచాయతీ అధ్యక్షుడు ఉరోష్‌ని అడిగితే, "అటే పోయుంటుంది మేస్టారూ, ఇటు వస్తే బస్సువాడైనా చూసేవాడు" అంటాడు. అటువైపు ఊళ్ళో ఉండే నుంజియోని అడిగితే, "ఇటు రాలేదు. వస్తే నా గుమ్మం ముందు నుంచి కాక ఎటు పోతుంది?" అంటాడు. వెనకటి రోజుల్లో ఈ చిక్కే ఉండేది కాదు. సరిహద్దు గుడిసెలో కాపలావాణ్ణి అడిగితే ఎటు వెళ్ళిందో చెప్పేవాడు, బుట్టలో గుడ్ల కింద ఏం దాచిందో కూడా చెప్పేవాడు.

మా ఊరికి చివరి ఇల్లు ఆమెది. ప్రహరీ దాటితే గుడిసె, గుడిసె దాటితే ఇటలీ. యుద్ధమయ్యాక దేశాల మధ్య గీత గీసిన పెద్దలు ఆమె తండ్రిని సంప్రదించడం మరిచిపోయారు. అందుకని ద్రాక్షతోట సగం అటు పడింది. తీగలు కత్తిరించడానికి పాసు చూపించి వెళ్ళేది, పాసు చూపించి వచ్చేది. యుగోస్లావియా ఉన్నన్నాళ్ళూ మావైపు మాంసం చవక, అటువైపు కాఫీ గింజలు, జీన్సు ప్యాంట్లు చవక. అందువల్ల ఆ రోడ్డు మీద ఖాళీ బుట్టతో నడిచిన మనిషిని నేను చూడలేదు. అటు పక్క కాపలా నుంజియోది. సిసిలీ నుంచి వచ్చిన సన్నటి కుర్రాడు, మా ఎర్ర ద్రాక్షసారా తాగి తాగి ఇక్కడే లావెక్కాడు.

"ఎక్కడికమ్మా దానిలా?"

"చర్చికి."

"బుట్టలో ఏముంది?"

"గుడ్లు."

"గుడ్ల కింద?"

"నా పాపాలు."

"ఈ వారం పాపాలు బరువుగా ఉన్నట్టున్నాయే! కిలో పాపం ఇక్కడ దించి పో."

ఆమె దించేది. మిగతా పాపాలతో అటుపక్క పట్నం ట్రియెస్టె వెళ్ళేది. ఆమె భర్త పోయిన ఏడాది కూడా అతను అవే ప్రశ్నలు అడిగాడు. ఆమె అవే జవాబులు చెప్పింది. ఊరంతా ఓదారుస్తుంటే, ఓదార్చకుండా బుట్ట తెరవమన్నవాడు ఇతనొక్కడేనని తర్వాత మెచ్చుకుంది.

మా రాతి నేల మీద రైతులకు పాతకాలపు హక్కు ఒకటుంది. ఏడాదిలో కొన్నాళ్ళు ఇంటి తలుపులు తెరిచి, సొంత ద్రాక్షసారా, ఉప్పు పట్టించి ఆరబెట్టిన సొంత పంది తొడ అమ్ముకోవచ్చు. దాన్ని ఓస్మిత్సా అంటాం. దానికి బోర్డులుండవు. రోడ్డు మలుపులో ఐవీ తీగ కొమ్మ కడితే తెరిచినట్టు, తీసేస్తే మూసినట్టు. దానిలా ఇంటి పంది తొడలు అటక మీద ఈశాన్యపు చలిగాలికి ఆరేవి. వాటి రుచికి అంత పేరెందుకు వచ్చిందో ఊళ్ళో పెద్ద చర్చ. ఉప్పు అని కొందరు, గాలి అని కొందరు. సరిహద్దు దగ్గర రోడ్డుకి అడ్డంగా దించే అడ్డుకర్ర అని నేను. ఆదివారం నాడు కార్లు అక్కడ ఇంజన్లు ఆపి వరసలో నిలబడేవి. వేచి ఉన్నవాడికి ఆకలేస్తుంది, ఆకలేసినవాడికి దానిలా వాకిలి కనిపిస్తుంది. రెండు దేశాల కాపలావాళ్ళు, వాళ్ళ నుంచి సరుకు దాచేవాళ్ళు, ఒకే బల్ల మీద ఒకే కత్తితో తొడ కోసుకు తినేవారు.

తర్వాత మేము ఐరోపా సమాఖ్యలో చేరాం. డబ్బు ఒకటైంది, ఆ వెనకే ఓ డిసెంబరులో సరిహద్దు తనిఖీ పోయింది. బ్యాండు మేళం, ఇద్దరు మేయర్లు, మూడు భాషల్లో ఒకే ఉపన్యాసం. "ఇక మనల్ని ఆపేది ఏదీ లేదు!" అన్నారు. దానిలా అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టి, రెండు తొడలు ఉచితంగా కోసి పెట్టింది. మర్నాటి నుంచి ఆ మాట అక్షరాలా నిజమైంది. ఎవర్నీ ఏదీ ఆపలేదు. కార్లు రయ్యిమని పోయాయి. ఊడదీసి గుడిసె వెనక పారేసిన ఎరుపు తెలుపు పట్టీల అడ్డుకర్రని ఆమె తెచ్చుకుని చిక్కుడు తీగకు ఊతంగా పాతింది.

నుంజియోకి పింఛనిచ్చి ఇంటికి పంపారు. రావడానికి ఇప్పుడు అడ్డేమీ లేదు గనక రావడం మానేశాడు.

వసంతంలో ఆమె ఐవీ కొమ్మ కట్టింది. మొదటివారం నేనూ, చర్చి గంట కొట్టే ముసలాయనా తప్ప ఎవరూ రాలేదు.

"మేస్టారూ, ఈసారి పీపా ఖాళీ కాకపోతే పందిని కొనను, తోట వదిలేస్తాను, ఇల్లు కూడా" అంది. బెదిరింపుగా కాదు, వంటకి ఉప్పు సరిపోలేదన్నంత మామూలుగా.

ఆ ఆదివారం నన్ను పిలిచింది. "ఆ చివర పట్టుకో."

"దేనికి?"

"చిక్కుడుకి ఎండ తగలడం లేదు."

అడ్డుకర్రని మోసుకెళ్ళి, రోడ్డుకి రెండు పక్కలా ఇంకా మిగిలున్న స్తంభాల మీద పెట్టాం. మొదటి కారు వచ్చింది. హారన్ కొడతారనుకున్నాను. ఆగింది. ఇంజన్ ఆపేసింది. లోపలి ఆవిడ సంచీ వెతికి పాస్‌పోర్టు తీసి కిటికీలోంచి చాపింది. వెనక కారులోని ట్రియెస్టె ముసలాయన అడక్కుండానే దిగి డిక్కీ తెరిచాడు.

"దూడ మాంసం ఉందమ్మా. కొంచెమే. సగం మా కుక్కకి."

"కుక్కకి కాగితాలున్నాయా?" అంది దానిలా. "లేవా? అయితే ఆలస్యమవుతుంది. లోపల కూర్చుని ఒక గ్లాసు తాగండి."

ఒక్కరూ కోప్పడలేదు. కొందరి మొహాల్లో, తప్పిపోయిన సొంత గొడుగు దొరికినంత సంతోషం. వరస చర్చి దాకా పాకింది. ఇంతలో ఎవరు కబురు పెట్టారో, నుంజియో వచ్చాడు. అడ్డుకర్రని చూసి, చొక్కా గుండీ బిగించుకుని, డిక్కీలు తనిఖీ చేయడం మొదలుపెట్టాడు.

"పింఛను తీసుకుంటూ డ్యూటీ చేస్తావేం సిపాయీ, సిగ్గులేదూ?"

"దొంగ సరుకు పెరిగిపోయిందట. నీ బుట్టేది?"

సాయంత్రానికి పీపా అడుగంటింది.

అయితే ఆ వరసలో మా ఉరోష్ కారు కూడా ఉంది. పక్క సీట్లో బ్రస్సెల్స్‌లోని సమాఖ్య ఆఫీసు నుంచి వచ్చిన అతిథి. ఉరోష్ తెల్లబోయి, "అత్తా, కొంప ముంచావు!" అన్నాడు. అతిథి మాత్రం మురిసిపోయాడు. ఫోటోలు తీశాడు, రెండు పళ్ళేల తొడ తిన్నాడు, ఇది సజీవ వారసత్వం, దీన్ని కాపాడాలి అన్నాడు. కాపాడతామన్నవాళ్ళని ఆపే అడ్డుకర్ర ఎక్కడా దొరకదు.

నిధులు వచ్చాయి. అడ్డుకర్రకి కొత్త రంగు వేసి, సిమెంటు దిమ్మెలో, ఆకాశం వైపు ఎత్తి బిగించారు. పక్కనే సమాఖ్య గుర్తయిన పన్నెండు నక్షత్రాల పలక, సరిహద్దులు లేని ఐరోపా గురించి నాలుగు భాషల్లో. దానిలాకి 'స్మృతి సంరక్షకురాలు' అని బిరుదు. శనివారం పొద్దున్న, వాళ్ళ నాయనమ్మ కూడా కట్టి ఎరగని సంప్రదాయ దుస్తుల్లో, బడిపిల్లలకి సరిహద్దు కష్టాలు చెప్పాలి. కష్టాలు చెప్పమంటే ఆమెకి నవ్వొచ్చే సంగతులే గుర్తొచ్చేవి. "కష్టాలు, అత్తా, కష్టాలు" అని ఉరోష్ వెనకనుంచి అందించేవాడు.

పిల్లలు వచ్చిన బస్సులోనే తిరిగి వెళ్ళేవారు. కార్లు పలకని చూడకుండానే దూసుకుపోయేవి. శరదృతువులో ఐవీ కొమ్మ కట్టింది. తొడ మీద కత్తి పడలేదు. ఆమె పంచాయతీకి వెళ్ళింది. నేనూ తోడు వెళ్ళాను.

"ఒరే ఉరోష్, ఒక్క ఆదివారం దాన్ని దించనివ్వరా."

"అది దిగదు అత్తా, సిమెంటు. దిగినా, దించితే నిధులు వెనక్కి కట్టాలి. ఎత్తి ఉండటమే దాని అర్థం."

"ఎత్తి ఉన్నదాని కింద ఎవరాగుతార్రా?"

"ఆగకూడదనే కదా ఇంత చేశాం!" అన్నాడు, నిజమైన బాధతో. అతని తప్పేమీ లేదు. నేనైనా అతని కుర్చీలో ఉంటే అదే అనేవాణ్ణి.

తిరిగి వస్తూ దానిలా, "పీపా నిండుగానే ఉంది మేస్టారూ" అంది, అంతే.

తర్వాత ఒక పొద్దున్న, నేను గోడ దగ్గర ఎండుటాకులు ఊడుస్తున్నాను. దానిలా చర్చికి వేసుకునే కోటు తొడుక్కుని, పాత బుట్ట పట్టుకుని బయటికొచ్చింది. మలుపులో కొమ్మ విప్పి గోడ మీద పెట్టింది. తలుపు దగ్గరికి మళ్ళీ వెళ్ళలేదు. ఎత్తి ఉన్న అడ్డుకర్ర కిందికి నడిచి, ఆగింది. బుట్ట కింద పెట్టి, పైన కప్పిన గుడ్డ తొలగించి, ఖాళీ గుడిసె వైపు చూస్తూ నిలబడింది. ఎక్కడికని ఎవరైనా అడుగుతారని చూసినట్టుంది. నేను అడగొచ్చు. కానీ అది నా ప్రశ్న కాదు, ఆ గుడిసెది.

ఎవరూ అడగలేదు. గుడ్డ మళ్ళీ కప్పింది. అప్పుడే లిథువేనియా నంబరున్న పొడుగాటి లారీ ఒకటి, ఏ దేశం నుంచి ఏ దేశంలోకి వస్తోందో తెలియనంత వేగంగా, మా ఇద్దరి మధ్య నుంచి వెళ్ళింది. అది దాటేసరికి రోడ్డు మీద బుట్టా లేదు, మనిషీ లేదు.