జముకుల కథ వెనుక ఇంజిన్ కూత

2024 ఆగస్టు 6, మంగళవారం, ఉదయం ఆరుంపావుకు మా కారు స్పీకర్లలో ఆ కూత మొదలైంది. సమయం ఇంత కచ్చితంగా గుర్తుండటానికి కారణం ఉంది. మంగళ, గురు, శనివారాల్లో మేము ఆ వేళకు బయలుదేరితేనే పలాస ఆసుపత్రిలో నాన్నకు మొదటి విడత డయాలసిస్ మంచం అందుతుంది.

మాది వజ్రపుకొత్తూరు మండలంలో సముద్రం ఒడ్డు ఊరు. కిడ్నీలు చెడిపోయేదాకా నాన్న చేపల వేటకు వెళ్లారు. మా ఇంట్లో డిగ్రీ పూర్తి చేసిన మొదటివాణ్ణి నేను. టెక్కలిలో ఒక ప్రైవేటు జూనియర్ కళాశాలలో ఫిజిక్స్ చెబుతాను. నాన్న ప్రయాణాల కోసమే ఒక పాత కారు కొన్నాను.

ఆ కారులో పాటల పెట్టె మాకు విలాసం కాదు. నాన్న సూదికి భయపడతారు. దారంతా మౌనంగా కూర్చుంటే ఆ భయం పెరిగి, దారిలో పూండి ఊరు దాటేసరికి బండి వెనక్కి తిప్పమంటారు. జముకు వాయిస్తూ పాడి చెప్పే మా వైపు జముకుల కథ పెడితే మాత్రం కథలో పడిపోయి, ఆసుపత్రి గేటు వచ్చేదాకా సూది ఊసెత్తరు. అందుకే జూలైలో టెక్కలిలో ఒక దుకాణంలో మంచి స్పీకర్లు, డిక్కీలో ఒక ఆంప్లిఫయరు పెట్టించాను. అప్పటి నుంచి ఆ మంగళవారం దాకా ఒక్క రోజూ గొడవ లేకుండా వెళ్లివచ్చాం.

ఆ మంగళవారం ఇంజిన్ స్టార్టు చేయగానే కథకుడి గొంతు వెనుక సన్నని కూత వినిపించింది. యాక్సిలరేటర్ తొక్కితే కూత పెరిగింది, వదిలితే తగ్గింది. వాల్యూమ్ పూర్తిగా తగ్గించినా పోలేదు.

"ఏటిరా ఇది? సెవిలో తుమ్మెద దూరినట్టుంది" అన్నారు నాన్న. ఎలాగో కళ్లు మూసుకుని పలాస దాకా ఓర్చుకున్నారు.

బుధవారం కళాశాల అయిపోగానే దుకాణానికి వెళ్లాను. స్పీకర్లు బిగించిన మెకానిక్ బానెట్ మీద చెయ్యి వేసి, రోగిని చూసినట్టు చూశాడు.

"బ్యాటరీకి కరెంటిచ్చే ఆల్టర్నేటర్ కూత సార్ ఇది. పాత బళ్లకి ఉంటాది."

"పోయిన వారం లేదు కదా?"

"పోయిన వారం బండి ఒక వారం కొత్తది గదా సార్."

అతను ఒక ఫిల్టర్ బిగించాడు. గురువారం కూత అలాగే ఉంది. స్పీకర్లు ఆపేసి ఫోనులోనే కథ పెట్టాను. "గిన్నెలో ఈగ పడ్డట్టుంది, ఆ ఫోను కట్టీ" అన్నారు నాన్న. ఆ రోజు ఆయనను బతిమాలి తీసుకువెళ్లాను. శుక్రవారం మెకానిక్ కారు ముందు భాగంలో ఉన్న పాటల పెట్టె తీసి, వేరేది పెట్టి చూశాడు. కరెంటు తీగను ఒక పక్కకు, పాటల తీగను మరో పక్కకు జరిపాడు. కూత కొంచెం కూడా కదలలేదు.

శనివారం పూండి దాటగానే నాన్న తలుపు పిడి పట్టుకున్నారు.

"ఎనక్కి తిప్పు. నాను రాను. ఒకపక్క ఈ సొద, ఒకపక్క ఆ సూది. రెండూ నా వల్ల కాదు."

ఎంత చెప్పినా వినలేదు. తిప్పాను. ఆసుపత్రికి ఫోను చేస్తే నర్సమ్మ కోపంగా, మంగళవారం కూడా తప్పితే ఆయాసంతో తీసుకురావలసి వస్తుందని హెచ్చరించింది. అప్పటికే నాన్న పాదాలు ఉబ్బి ఉన్నాయి.

ఆదివారం ఉదయం మా అక్క భర్త, ఆటో నడిపే బావ, వచ్చి కారు చుట్టూ ఒకసారి తిరిగాడు.

"మాస్టారూ, ఇంత సదువు సదివినావు, ఒక్క కూత పట్టుకోలేకపోతన్నావా? నా ఆటో సూడు, మొత్తం మోతే. ఏ కూత ఎక్కడిదో తెలీదు. సుఖం."

"బావా, దయచేసి పక్కకు జరుగు."

"జరుగుతాను గానీ, కోపమెందుకు? పోనీ మావకి సెవుల్లో దూది పెట్టు."

"కథ వినడానికే కదా ఇదంతా."

"అయితే ఒక సెవిలో పెట్టు."

దుకాణంలో ముందువైపువి మార్చి చూశారు గానీ, డిక్కీలో బిగించినవి విప్పి చూడలేదు. ఈసారి ఒక్కొక్కటే విప్పి చూడాలని నిశ్చయించుకుని, డిక్కీలోని కార్పెట్ ఎత్తాను. ఆంప్లిఫయరు నుంచి వచ్చే ఎర్తు తీగ అక్కడ కారు రేకుకు బోల్టుతో బిగించి ఉంటుంది. జూలైలో మెకానిక్ ఆ చోట రంగు గీకి, రేకు తెల్లగా మెరిసేలా చేయడం నేను దగ్గరుండి చూశాను. ఇప్పుడు అక్కడ నల్లగా, నిగనిగలాడుతూ ఒక పూత ఉంది. ముక్కు దగ్గర పెట్టి చూడనక్కరలేదు. జీడిపిక్క తొక్క నుంచి తీసిన నూనె వాసన అది. చెక్క చివకకుండా మా పడవకు ఏటేటా పూసేది అదే.

నాన్నను పిలిచాను.

"ఇది ఎవులు రాసినారు నాన్నా?"

"నానే. ఇంకెవులు రాత్తారు?"

"ఎప్పుడు?"

"పోయిన సోమవారం నువ్వు కాలేజీకెల్లినప్పుడు. ఆడెవడో రంగు గీకీసి ఇనుము బయటెట్టీసినాడు. ఈ ఉప్పుగాలికి ఎన్నాళ్లుంటాది? బోల్టు ఇప్పి, రేక్కీ తీగ మూతికీ నూనె రాసి మళ్లీ బిగించీసినాను. పడవకి అలాగే సేత్తాం గదా."

"మరి సెప్పలేదేటి?"

"నువ్వడిగినావేటి? టెక్కలెల్లి అడిగినావు."

బావ నవ్వాపుకోవడానికి ఆటో వైపు తిరిగాడు. నాకు నవ్వు రాలేదు. ఎండిన జీడినూనె గుండా కరెంటు పోదని, ఎర్తు సరిగా అందకపోతే ఇంజిన్ చప్పుడంతా స్పీకర్లలోకి వస్తుందని, క్లాసులో చెప్పినట్టు చెప్పాను. నాన్న ఓపికగా విన్నారు.

"కరెంటుకీ ఇనుమే కావాల, ఉప్పుకీ ఇనుమే కావాల. నువ్వు కరెంటుకిచ్చీసి కూకుంటే ఉప్పు ఊరుకుంటాదా?"

ఆ మాట అబద్ధం కాదు కాబట్టి నా చిరాకు ఇంకా పెరిగింది. గరుకు కాగితంతో రేకును, తీగ చివరను, బోల్టును తెల్లబడేదాకా రుద్దాను. గట్టిగా బిగించి ఇంజిన్ స్టార్టు చేశాను. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా కథకుడి గొంతు, జముకు దెబ్బ తప్ప మరేమీ వినిపించలేదు. నాన్న లోపలికి వెళ్లి పుల్లకు గుడ్డ చుట్టి నూనె తెచ్చారు. ఈసారి అడ్డు చెప్పలేదు. బిగించిన బోల్టు పైన మాత్రమే పూయమన్నాను. పూశారు.

మంగళవారం ఆరుంపావుకు బయలుదేరాం. పూండి దాటినా నాన్న తలుపు పిడి ముట్టుకోలేదు.

అప్పటి నుంచి ఆయన డయాలసిస్ ఒక్కసారి కూడా తప్పలేదు. కారులో ఏ పని చేయించినా నేను ముందుగా ఆయనకు చెబుతున్నాను. ఏ బోల్టు విప్పినా ఆయన నాకు చెబుతున్నారు, సాధారణంగా విప్పిన తరువాత.