బూడిదలో వేసిన పిడుదులు

ముంచింగిపుట్టు అవతల కొండల్లో ఏ ఆవుకు పిడుదులు పట్టినా దేముడమ్మకే కబురు వెళ్లేది. చెవి వెనక, తోక మొదట్లో, పొదుగు సందుల్లో ఆమె వేలు వెతకని చోటు లేదు. పీకిన ప్రతి పిడుదునూ వేడి బూడిద పోసిన ఆకు దొప్పలో వేసేది. ప్రాణంతో వదిలితే మళ్లీ ఆవునే వెతుక్కుంటూ వస్తుందని తల్లి నేర్పిన పద్ధతి అది. దొప్ప పట్టేది భర్త మంగ్లు. కాఫీ తోటలో కూలిపని చేసే మనిషికి పశువులతో ఏం పని? పెళ్లాం పక్కన కూర్చుని కబుర్లాడడానికే పట్టేవాడు.

ఎండలు ముదిరే రోజుల్లో మంగ్లుకు జ్వరం తగిలింది. నాలుగోనాటికి చిగుళ్లలోంచి నెత్తురు కారింది. మలేరియా కాదన్నారు. పెద్దాసుపత్రికి తీసుకెళ్తుంటే దారిలో జీపులోనే పోయాడు. వేరే పరీక్షకు రక్తం తీసే వ్యవధి కూడా లేకపోయింది.

అప్పట్నుంచీ దేముడమ్మకు ఒకటే బెంగ. ఆ రోగం తోటలో తగిలిందా, తను చేతికిచ్చిన దొప్పలోంచి పాకిందా?

దినం అయ్యాక మేనల్లుడు ఫల్గుణ వచ్చాడు. పశువుల ఆసుపత్రిలో పని అతనికి. పిడుదుల్లో కొత్త వైరస్ ఏదైనా ఉందేమో చూస్తున్నారని చెప్పి, మూతలున్న చిన్న గొట్టాలిచ్చాడు.

"మీ ఆవులవే తియ్యి అత్తా. బతికున్నవే ఎయ్యి. మావని ఏటి తినేసిందో తెలుస్తాదేమో."

విన్నది. కానీ నలభై ఏళ్ల అలవాటు చేతిది. పైగా కడుపులో కసి, ఎందుకుండదు! మొగుణ్ని మింగినదాన్ని ప్రాణంతో దాచమంటే ఏ ఆడదానికి చేతులొస్తాయి? బూడిదలో పొర్లించి, చచ్చాయని చూసుకుని మరీ గొట్టాల్లో వేసింది. ఫల్గుణ వాటిని అలాగే ఐసు పెట్టెలో సర్ది పరీక్షకు పంపేశాడు.

మూడు వారాలకు కాగితం వచ్చింది.

"వేడికి పాడైపోయాయంట అత్తా. ఉందో లేదో సెప్పలేమన్నారు. బూడిదలో ఏసావా?"

ఆమె తలూపింది. "మల్లీ తీసిత్తాను. వాటిల్లో దొరికితే మీ మావకీ అదేనని సెప్పొచ్చా?"

ఫల్గుణ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఊరోళ్లకి పనికొస్తాది అత్తా. మావ సంగతి ఇంకెవరూ సెప్పలేరు."

ఇప్పుడు దేముడమ్మ చేతికి గ్లవ్స్ తొడుక్కుని, పిడుదుల్ని బతికుండగానే గొట్టంలో వేస్తుంది. గొట్టం తను పట్టుకుంటానంటూ మేనకోడలు సోని వస్తే కసురుతుంది.

"దూరంగా కూకో, గుంటా."

గొట్టాన్ని తన మోకాళ్ల మధ్యే బిగించి పట్టుకుంటుంది.